విప్పి చూడని బండి బండేనా?

ఇప్పటి పిల్లలకి బండి అట్టపెట్టెలో వస్తుంది. కొరియర్ కుర్రాడు గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తాడు. మా మనవడు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుతాడు. పెట్టె చింపుతాడు, బ్యాటరీ తగిలిస్తాడు, రయ్యిమని కారు వీధిలోకి పోతుంది. "ఎవరు చేశార్రా దీన్ని?" అంటే కంపెనీ పేరు చెబుతాడు. నేనడిగింది అది కాదు నాయనా. దీనిమీద నీ చెయ్యి ఎక్కడ పడిందని.

మా రోజుల్లో ముమ్మిడివరంలో వేసవి వచ్చిందంటే ముంజలే ముంజలు. మేం వాటిని తిన్నది సగం ఆకలికీ, సగం బుర్రల కోసమూ. జుర్రేశాక మిగిలిన తాటిబుర్రల్లో రెండు సమానమైనవి ఏరుకోవాలి, అసలు విద్య అంతా ఆ ఏరడంలోనే ఉంది. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయిందా, బండి చిన్న బుర్ర వైపే లాగేస్తుంది, ఎంత తిప్పినా మాట వినదు. వెదురు పుల్ల చెక్కి ఇరుసు చేసి రెండింటి నడిమధ్యన గుచ్చి, జామకొమ్మ పంగని దానిమీద ఆనించి తోసుకుపోవడమే. ఒక బుర్ర బిగుతుగా ఉండాలి, రెండోది కాస్త వదులుగా తిరగాలి, అది ఊడిపోకుండా చివర ఓ చీల. రెండూ బిగిసిపోతే మలుపులో బండి ఈడుస్తుంది. బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి కదా మరి! ఈ సంగతి మాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు, పుంతలో మలుపే చెప్పింది. ఇప్పుడు మావాడి కారులో వెనక ఇరుసు మధ్య ఓ డబ్బీ ఉంది, డిఫరెన్షియల్ అంటారు, లోపల చిన్న చిన్న పళ్ళ చక్రాలు. అది చేసేదీ ఇదే పని. అలాంటి డబ్బీ ఒకటి ఉందని కూడా వాడికి తెలియదు.

కాస్త పెద్దయ్యాక మేమూ మోటారుల జోలికి వెళ్ళాం, అదేదో మీరే కనిపెట్టినట్టు చూడకండి. 1980ల మొదట్లో మా కోనసీమ నుంచి గల్ఫు వెళ్ళినవాళ్ళు సెలవుకి వచ్చేటప్పుడు టేపురికార్డర్లు పట్టుకొచ్చేవారు. ఊళ్ళో ఏ టేపురికార్డరు మూలపడినా మాకు పండగే. దాని మోటారులో గవర్నరని ఒకటి ఉండేది, పాట గొంతు మారిపోకుండా వేగాన్ని ఒకే తీరున పట్టి ఉంచేది. పాటకి అది కావాలి, పందేనికి అది శత్రువు. దాన్ని తప్పించి తీగ నేరుగా కలిపితే అదే మోటారు గొంతెత్తి అరిచేది. చక్రాలకి అరిగిన హవాయి చెప్పు. దానిమీద వృత్తలేఖినితో గీసి, బ్లేడుతో కోసి, గరుకు గచ్చుమీద తిప్పి తిప్పి అరగదీస్తే గాని గుండ్రం వచ్చేది కాదు. ఇరుసుకి విరిగిన గొడుగు ఊచ. ఆ ఊచ తిరగడానికి అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ ముక్క, దానిలో ఓ బొట్టు కొబ్బరినూనె. మోటారు నుంచి ఇరుసుకి రబ్బరు బ్యాండు. రిమోటు అంటే రెండు నిలువుల తీగ, దాని చివర సబ్బు పెట్టెలో రెండు సెల్లులు. తీగలు అటుదిటూ ఇటుదటూ మారిస్తే బండి వెనక్కి నడిచేది. బండి వెనకాలే మనమూ నడవాలి. నడిస్తే ఏం పోయింది? కాళ్ళున్నది అందుకే కదా.

ఆ సెల్లులు నెల్లూరులో తయారయ్యే నిప్పోవి. నీరసించిపోతే ఎండలో పెట్టేవాళ్ళం, వెచ్చబడ్డాక ఇంకాసేపు ప్రాణం పోసుకునేవి. ఒక సెల్లు ఒకటిన్నర వోల్టు, రెండు కలిపి మూడు. ఆ మూడు వోల్టులతోనే మా అరుగు చివరి నుంచి బావి గట్టు దాకా పందెం. ఇప్పుడు లైపో బ్యాటరీ అట, కిందికి అయిపోనిస్తే చస్తుంది, నిండుగా పెట్టి మర్చిపోతే ఉబ్బుతుంది, వాడనప్పుడు సగానికి ఛార్జ్ చేసి దాచాలట. ఇంత ముద్దు ఇంట్లో అల్లుడికి కూడా చెయ్యలేదు మేం.

మీ కార్లని తిట్టడానికే కూర్చున్నానని అనుకోకండి. ఈ వేడుక పుట్టినప్పుడు ఇలా లేదు, నా బాధ అది. జపాన్‌లో షిజువోకా ఊళ్ళో టామియా అని ఓ కంపెనీ ఉంది. వాళ్ళు 1976లో తమ మొదటి రిమోటు కారుగా పోర్షే 934ని తెచ్చారు, అసలు కారులో పన్నెండో వంతు. 1984లో హార్నెట్ వచ్చింది, ప్రపంచమంతా పిల్లలు దానికోసం వెర్రెత్తిపోయారు. వాటిని కొంటే కారు వచ్చేది కాదు, ముక్కలు వచ్చేవి. గేర్లకి గ్రీజు నువ్వే పట్టించాలి, ముందు చక్రాలు తిప్పే సర్వో నువ్వే బిగించాలి, పైన టోపీలా కప్పే డొల్లకి రంగు నువ్వే వెయ్యాలి. బిగించినవాడికి ఎక్కడ ఏ మర ఉందో చీకట్లో కూడా తెలుస్తుంది. ఇప్పటికీ అలాంటి ముక్కల పెట్టెలు అమ్ముతూనే ఉన్నారు. కొనేవాళ్ళకే ఓపిక పోయింది.

ఇంకోటి చెప్పనా? అప్పటి రిమోటుల్లో క్రిస్టల్ అని చిన్న రేకు ముక్క ఉండేది, ఏ తరంగం మీద నడవాలో అది నిర్ణయించేది. ఇద్దరి దగ్గరా ఒకే క్రిస్టల్ ఉంటే నీ మీట నొక్కితే అవతలివాడి కారు గోడకి గుద్దుకునేది. అందుకని మైదానంలోకి దిగగానే ముందు చెయ్యాల్సిన పని పక్కవాణ్ణి పలకరించడం. "మీది ఏ నంబరండీ? నాది ఇది, మీరు కానివ్వండి, తరవాత నేను." ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వచ్చింది, రిమోటూ కారూ తమలో తామే జత కట్టేసుకుంటాయి, ఎంతమంది తిప్పినా గొడవ లేదు. గొడవతో పాటు పలకరింపూ పోయింది. పక్కపక్కన నిలబడి గంటసేపు కార్లు నడుపుకుని, ఒకరి పేరొకరికి తెలియకుండా ఇంటికి పోయే కుర్రాళ్ళని నా కళ్ళతో చూశాను.

సామాను కోసం కాకినాడ వెళ్ళడమంటే ఆ రోజుల్లో ఒక ప్రయాణం. ఎదుర్లంక రేవు దాకా బస్సు, అక్కడ పంటు ఎక్కి గౌతమి దాటి యానాం, యానాంలో మళ్ళీ బస్సు. ఒక మోటారు, నాలుగు మూరల సన్న తీగ కొనుక్కుని తిరిగొస్తే, వాటిని వాడడానికి ముందు వాసన చూసుకునేవాళ్ళం. ఇప్పుడు బాలయోగి గారి పేరున వారధి ఉంది, ఏటిమీద బతుకు తేలికైంది, వేళకాని వేళ జబ్బు చేస్తే రేవులో పడవ కోసం కూర్చోవక్కర్లేదు. దాన్ని కాదనే కృతఘ్నుణ్ణి కాను. కాని కష్టపడి తెచ్చుకున్న మోటారుని కాల్చుకోవడానికి చెయ్యి రాదు, ఇంటికొచ్చినదాన్ని కాల్చేసి మళ్ళీ ఆర్డరు పెట్టడానికి మనసేమీ అడ్డు రాదు.

నడిపే చోటు మాటకొస్తే, కోతలయ్యాక కళ్ళం అంతా మాదే. పేడతో అలికి, ఆరి, గచ్చులా గట్టిపడిన నేల. ఇప్పుడా చేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి. మిగిలింది గట్లు. మావాడు కారుని ఆ గట్టుమీదే ఉరికిస్తాడు, చెమ్మమట్టీ ఉప్పునీరూ కలిసి బేరింగుల్లో చేరి అవి కిర్రుమంటాయి. ఆడిన రోజే మంచినీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, బొట్టు నూనె వెయ్యమంటే "రేపు తాతయ్యా" అంటాడు. ఉప్పు రేపటిదాకా ఆగదురా బాబూ. ఊళ్ళో సిమెంటు రోడ్లు మాత్రం ఈ కార్లకి మా మట్టి పుంతలకంటే నూరుపాళ్ళు నయం, అది ఒప్పుకోవాలి. అందుకే కాబోలు వీధిలో ముసలివాళ్ళకి నడిచే దారి దొరకడం లేదు.

మొన్న వాడికి వేగం చాలలేదట. మోటారుకి ఉండే చిన్న గేరు, పినియన్, ఒక పన్ను ఎక్కువున్నది తెప్పించాడు, పెట్టడం రాక అరుగుమీద కూర్చున్నాడు. నేను కళ్ళజోడు తెచ్చుకున్నాను. రెండు పళ్ళ చక్రాల మధ్య పలచటి కాగితం ముక్క పెట్టి, దగ్గరకి నొక్కి మర బిగించి, చక్రం తిప్పి కాగితాన్ని బయటికి తీసేస్తే కావలసినంత సందు మిగులుతుంది. మరీ ఒత్తితే పళ్ళు ఏడుస్తాయి, వదిలితే అరిగిపోతాయి. వాడు వేలు పెట్టి చక్రాన్ని అటూ ఇటూ కదిపి చూశాడు, "కొంచెం ఆడుతోంది తాతయ్యా" అన్నాడు. ఆడాలిరా, అంతే ఆడాలి. పన్ను పెంచితే వేగంతో పాటు వేడీ పెరుగుతుంది, నాలుగు చుట్లు తిప్పి మోటారు మీద వేలు పెట్టు, వేలు నిలవకపోతే పాత గేరే గతి అన్నాను. తిప్పాడు, వేలు పెట్టాడు, వెంటనే తీసేశాడు. ఎవరూ చెప్పకుండా వాడే మళ్ళీ మరలు విప్పడం మొదలుపెట్టాడు.

కాబట్టి అబ్బాయిలూ, మీ దగ్గరా ఇలాంటి కార్లుంటే పట్టుకురండి. స్క్రూడ్రైవరు నా దగ్గర ఉంది, రీఫిల్ ముక్కలూ ఉన్నాయి, పాత హవాయి చెప్పులకి మా ఇంట్లో కరువు లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగింటిదాకా మాత్రం గేటు తట్టకండి. ఇప్పటి పిల్లలకి ఆ మర్యాద కూడా తెలియదు.