ప్రమాదానికో ముసాయిదా

అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరు 15న పుట్టింది. దేశానికో అణు భద్రతా విధానం రాసిపెట్టమని అప్పుడే దాని చేతికి పని అప్పగించారు. 2012లో కాగ్ వాళ్లొచ్చి ‘ఏదీ, చూపించండి’ అంటే, ఇంకా రాయలేదని తేలింది. ఆఫీసన్నాక సవాలక్ష పనులుంటాయి, ముప్ఫై ఏళ్లు చాలకపోవచ్చు. అందుకని ఏలినవారికి శ్రమ తగ్గిద్దామని, పైసా పుచ్చుకోకుండా నేనే ఓ ముసాయిదా రాశాను. ఇందులో నా సొంత కవిత్వం లేదు. ప్రతి క్లాజుకూ ఎక్కడో ఒకచోట ఆచరణ ఉంది.

క్లాజు 1: ప్రమాదం అంచనాను సదరు ప్రమాదం సొంతదారులే చూసుకోవలెను.

మన దగ్గర రియాక్టర్లు నడిపే ఎన్‌పీసీఐఎల్ అణుశక్తి శాఖ కింద ఉంటుంది. ఆ రియాక్టర్లను తనిఖీ చేసే మండలి అణుశక్తి సంఘానికి జవాబుదారీగా ఉంటూ వచ్చింది. సంఘానికి అధ్యక్షుడెవరయ్యా అంటే, అణుశక్తి శాఖ కార్యదర్శిగారే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఫెయిలయ్యే బెడద ఉండదు. దీన్ని మారుస్తామని 2011లో ఒక బిల్లు పెట్టారు. 2014లో లోక్‌సభ రద్దయితే దాంతోపాటు అదీ పోయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ అనే కొత్త అణు చట్టం మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది, సంతోషం. కానీ మండలి సభ్యులను వెతికిపెట్టే కమిటీని వేసేది మళ్లీ ఆ అణుశక్తి సంఘమే. బోర్డు మీద పేరుకు కొత్త రంగు వేశారు, లోపల కుర్చీలు పాతవే.

క్లాజు 2: అంచనాలో సున్నాలు దండిగా ఉండవలెను.

ఇది అమెరికా వారి దగ్గర నేర్చుకున్న విద్య. 1975లో ప్రొఫెసర్ రాస్‌ముసెన్ బృందం ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. రియాక్టరు ప్రమాదంలో చనిపోయే అవకాశం, ఉల్క మీదపడి పోయే అవకాశమెంతో అంతేనని దాని సారాంశం చెప్పింది. ఇక జనం ఆకాశం కేసి చూస్తూ నడిస్తే చాలన్నమాట. 1979 జనవరిలో అక్కడి నియంత్రణ సంస్థే ఆ సారాంశాన్ని మేం సమర్థించడం లేదని వెనక్కి తగ్గింది. మార్చి 28న త్రీమైల్ ఐలండ్‌లో రియాక్టరు కోర్‌లో కొంత భాగం కరిగింది. ఉల్క మాత్రం ఎవరి మీదా పడలేదు.

క్లాజు 3: అంచనా భయపెట్టేలా ఉంటే, దాన్ని మరింత అధ్యయనానికి పంపవలెను.

ఈ క్లాజు ఫుకుషిమా కంపెనీ టెప్కోకు అంకితం. అక్కడి ప్లాంటుకు పెట్టుకున్న సునామీ లెక్క 5.7 మీటర్లు. 2008లో కంపెనీ ఇంజినీర్లే మళ్లీ లెక్కగడితే 15.7 మీటర్లు వచ్చింది. పెద్దసార్లు ఏంచేశారు? గోడ ఎత్తు పెంచలేదు. లెక్క సరైందో కాదో చూడమని ఇంజినీర్ల సంఘానికి పంపారు. ఆ కాగితం నియంత్రణ అధికారుల బల్ల మీదకు చేరేసరికి 2011 మార్చి 7 అయింది. నాలుగు రోజులకు సముద్రమే స్వయంగా వచ్చి ఆ ఫైలు క్లియర్ చేసింది. ఇంతకీ ఆ నియంత్రణ సంస్థ ఏ శాఖ కింద ఉండేది? అణు విద్యుత్తును పెంచాల్సిన పరిశ్రమల శాఖ కిందే. దాన్ని విడదీసి స్వతంత్ర సంస్థ పెట్టాలని జపాన్‌కు తోచింది 2012 సెప్టెంబరులో.

క్లాజు 4: తప్పుచేసినవారిని కఠినంగా శిక్షించవలెను.

1962 అణుశక్తి చట్టం కింద నిబంధనలు మీరితే వేయగలిగిన జరిమానా అయిదు వందల రూపాయల దాకా ఉండేది. అది దశాబ్దాలపాటు అలాగే ఉండిపోయింది, కాగ్ ఎత్తిచూపినా మారలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ లేనివాడికి వెయ్యి. మా సందు చివర కానిస్టేబుల్ బండి ఆపితే, ‘సార్, నేను బండి కాదు, రియాక్టరు నడుపుతున్నాను’ అని ఉంటే సగం మిగిలేది.

క్లాజు 5: ప్రమాదం ఎంతదైనా, పరిహారం ఇంతేనని ముందే తేల్చవలెను.

2010 చట్టం ఆపరేటరు బాధ్యతను 1500 కోట్లకు ఆపింది. కొత్త ‘శాంతి’ చట్టంలో అతిపెద్ద రియాక్టర్లకైనా 3000 కోట్లే. ప్రమాదానికి హద్దు చెప్పలేని శాస్త్రం, పరిహారానికి మాత్రం రూపాయితో సహా హద్దు చెప్పగలిగింది.

ఈ ముసాయిదాను ముందుగా అమలు చేయదగిన చోటు, అణు విద్యుత్ కేంద్రం తలపెట్టిన శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ. అక్కడ మొదట జనరల్ ఎలక్ట్రిక్ రియాక్టర్లన్నారు, తర్వాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. కట్టేవాడు దివాలా తీసే ప్రమాదానికి ఏ అంచనాలోనూ గడి ఉన్నట్టు లేదు. నిబంధనల ప్రకారం ప్లాంటు చుట్టూ కిలోమీటరు మేర ఎవరూ ఉండకూడదు, 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక ఉండాలి. ఆ 16 కిలోమీటర్లలో వల వేసుకు బతికేవాడికి ఆ ప్రణాళిక కాగితం చేతికొచ్చిందా అన్నదే ప్రశ్న.

అణు విద్యుత్తు వద్దని ఈ కాలమ్ వాదన కాదు. ప్రమాదాన్ని కొలిచేవాడి జీతం, నియామకం ప్రాజెక్టు కట్టేవాడి చేతిలో ఉన్నంతకాలం ఆ కొలతకు విలువ లేదన్నదే వాదన. ఆ ఇద్దరినీ విడదీసే పని జపాన్ ప్రమాదం జరిగాక చేసింది. మనకింకా ముందే చేసే వెసులుబాటు ఉంది. ఈసారి మీ ఎంపీగారు ఊళ్లోకి వస్తే రెండే అడగండి: కొవ్వాడ ప్రమాద అంచనా తెలుగులో ఎప్పుడిస్తారు, దాని కింద సంతకం పెట్టేవాణ్ణి ఎవరు నియమిస్తారు?