ఆ కర్రమేకు కొట్టింది నేనే

టీ కొట్టు దగ్గర పదిమందిలో మా మెకానిక్‌ని దొంగ అన్నాను. నకిలీ క్లచ్ ప్లేట్ వేసి డబ్బు తిన్నాడన్నాను. తప్పంతా నాదే.

మాది పాత మాస్సీ 1035 ట్రాక్టర్. దమ్ము చేసేటప్పుడు చక్రాలు దిగబడతాయేమోనన్న భయంతో ఎడం కాలు క్లచ్ పెడల్ మీదే ఉంచి తోలేవాణ్ణి. పాదం బరువు కొంచెం ఆనినా ప్లేట్ పూర్తిగా పట్టదు, జారుతూ కాలిపోతుంది. పెడల్‌కి ఉండాల్సిన ఆట తగ్గిపోతున్నా సరిచేయించలేదు. చివరికి ప్లేట్ రివెట్ల దాకా అరిగిపోయింది.

ట్రాక్టర్ క్లచ్ మార్చాలంటే బండిని నడుం దగ్గర రెండుగా విడదీయాలి. ఇంజను పక్కకి ఒరగకుండా ముందు ఇరుసు మీద రెండువైపులా చెక్కలు బిగించి, గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి వెనక్కి జరపాలి. అంత పనీ చేశాక మెకానిక్ ఫ్లైవీల్ వైపు వేలు చూపించి, "వెనక సీలు చెమ్మగా ఉంది బాబాయ్, ఇదీ మార్చేద్దాం" అన్నాడు. అందుకు ఫ్లైవీల్ విప్పాలి. కాలవ నీళ్ళు వచ్చేశాయి, నాకు తొందర. కారడం లేదు కదా, బిగించెయ్యమన్నాను.

క్లచ్ ఉండే గూడు అడుగున చిన్న కన్నం ఉంటుంది. అందులో స్ప్లిట్ పిన్ను వదులుగా వేలాడుతూ, బండి అదురుకి కదులుతూ, కన్నం పూడిపోకుండా కాపాడుతుంది. లోపల కారిన ఆయిల్ బయటికి పోయే దారి అదొక్కటే. బురదనీళ్ళు లోపలికి పోతాయని నేను ఆ పిన్ను లాగేసి కర్రమేకు దిగ్గొట్టాను. దమ్ములయ్యాకైనా పీకాల్సింది. మర్చిపోయాను.

కోతల నాటికి ధాన్యం లోడు మీద ఇంజను అరుస్తోంది గానీ బండి కదలదు. మాడు వాసన. కోపమంతా అతని మీద చూపించాను.

అతను ఎదురు చెప్పలేదు. బండి కింద రేకుడబ్బా పెట్టి మేకు పీకాడు. నల్లటి ఇంజనాయిల్ ధారకట్టింది. "ఇదెవరు కొట్టారు బాబాయ్?" అనడిగాడు. నాకు నోరు రాలేదు. కొత్త ప్లేట్ ఆయిల్లో నాని పనికిరాకుండా పోయింది. ఈసారి సీలు మార్పించాను.

షెడ్డులో క్షమించమన్నాను. కానీ నిందించింది పదిమందిలో, క్షమాపణ అడిగింది చాటుగా. అది చాలదు, అందుకే ఇది రాస్తున్నాను.

పాత బండి ఉన్న రైతులు ఆ కన్నం ఒకసారి చూడండి. నల్లగా పలచగా చుక్కలు పడుతుంటే ఇంజను వెనక సీలు పోయినట్టు. చిక్కగా, నలుపెక్కని నూనె అయితే గేర్‌బాక్స్ వైపు సీలు. దమ్ముకి ఆ కన్నం మూస్తే, దమ్ము అయిన రోజే తెరవండి. క్లచ్ విప్పినప్పుడు మెకానిక్ సీలు మారుద్దామంటే మార్చనివ్వండి.