బీటెక్ ప్రాజెక్టుకేనట!

గేమింగ్ కంప్యూటర్ కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి బయల్దేరే కుర్రకారు ఇంట్లో చెప్పే మాట ఒక్కటే: ‘బీటెక్ ప్రాజెక్టుకి నాన్నా!’ ఆ ప్రాజెక్టు పేరేమిటని అడిగే తండ్రి పాపం పాతకాలపు మనిషి.

ఇదివరకు రెండు గ్రాఫిక్స్ కార్డులు పక్కపక్కన బిగించి, మధ్యన బ్రిడ్జి తగిలించి మురిసిపోయేవారు. డబ్బు రెట్టింపు, వేగం మాత్రం ఆట తయారుచేసినవాడి దయ. 2021 నుంచి ఆ కార్డుల కంపెనీ ఎన్విడియా, జోడీని ఆటలు వాడుకోవడానికి డ్రైవర్‌లో పెట్టే ప్రొఫైళ్లు కొత్తవి ఇవ్వడం ఆపేసింది. 4090 కార్డుకి వచ్చేసరికి బ్రిడ్జి పెట్టే చోటే తీసేసింది. హమ్మయ్య, ఖర్చు సగమైందనుకున్నారా? 2025లో వచ్చిన 5090 ఒక్కటే 1,999 డాలర్లు. అదీ అమెరికాలో ప్రకటించిన ధర. మన కౌంటర్ దగ్గర అంకె వినేముందు కుర్చీ ఎక్కడుందో చూసుకోవాలి. ఆ కార్డు తాగే కరెంటు 575 వాట్లు. పవర్ సప్లై 1,000 వాట్లది ఉండాలని కంపెనీవాళ్లే సలహా ఇచ్చారు (ఇన్వర్టర్ సంగతి వాళ్లకేం తెలుసు!).

ఇంతా చేసి ఆ కార్డును కలిపేది దేనికి? అన్నయ్య వదిలేసిన 60 హెర్ట్జ్ మానిటర్‌కి. కార్డు సెకనుకు 200 ఫ్రేములు గీసిస్తే తెర చూపించగలిగేది 60. మిగతా 140 కరెంటు బిల్లులో కనిపిస్తాయి.