సాసర్ లేని టీ బ్రేకు

టీ బ్రేకు పది నిమిషాలట. భోజనానికి ముప్పై. గేటు దాటేటప్పుడోసారి, తిరిగొచ్చేటప్పుడోసారి మిషన్ మీద వేలు పెట్టాలట. పదకొండో నిమిషం పడిందా, మెయిలొస్తుంది. దాని కాపీ మేనేజరుకీ పోతుంది. ఈ సర్క్యులర్ వచ్చిన దగ్గర్నుంచీ టీ తాగినట్టే లేదు, ఎంసెట్ రాసినట్టుంది.

ఈ పది నిమిషాల లెక్క వేసిన పెద్దమనిషి మా లిఫ్టు ఎప్పుడూ ఎక్కి ఉండడు. సరే, లిఫ్టు సంగతి వదిలేద్దాం. అసలు గొడవంతా సాసర్ దగ్గరుంది.

మా తాతగారు టీ సాసర్లో పోసుకుని తాగేవారు. కప్పులోంచి వంపడం, రెండుసార్లు ఊదడం, జుర్రుమని పీల్చడం. పొగలు కక్కే టీ రెండు నిమిషాల్లో హాంఫట్. వెడల్పుగా పరిస్తే వేడి తొందరగా దిగుతుందని ఆయనకు ఏ సైన్సు మాస్టారూ చెప్పలేదు. ఆ తర్వాత మనం నాగరికులమైపోయాం. సాసర్లో తాగడం మోటన్నాం. కొన్నాళ్లు దాన్ని కప్పు కింద ఊరికే కూర్చోబెట్టి బిస్కెట్లు మోయించాం. ఆనక గాజు గ్లాసొచ్చింది, ఇప్పుడు పేపర్ కప్పు. పట్టుకుంటే వేళ్లు కాలతాయి, తాగితే నాలుక కాలుతుంది, ఊదుతూ నిలబడితే జీతం కాలుతుంది. పాత ఇరానీ హోటళ్లలో సాసర్ ఇంకా బతికే ఉంది గానీ, మా ఆఫీసు నుంచి అక్కడికి వెళ్లి రావాలంటే ఓ పూట సెలవు పెట్టాలి. అందుకే సిబ్బందికి తలా ఓ సాసర్ ఇప్పిస్తే ఐదు నిమిషాలకే సీట్లో ఉంటామని హెచ్చార్‌కి రాశాను, నిజంగానే. ‘మీ సూచన నమోదైంది’ అని జవాబొచ్చింది.

ఆ జవాబు కింద ‘నిబంధనలన్నీ చట్టానికి లోబడినవే’ అని ఓ ముక్క తగిలించారు. అక్కడే ఒళ్లు మండింది. వాణిజ్య సంస్థల పనిగంటల మీద తెలంగాణ ప్రభుత్వం 2025 జూలైలో ఇచ్చిన జీవోలో ఏముంది? రోజుకు పది గంటలు, వారానికి 48 గంటలు మించకూడదు, ఆరు గంటలు దాటి పనిచేయిస్తే మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. అంటే పనికి పై హద్దు, విశ్రాంతికి కింది హద్దు. మావాళ్లు దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. పది గంటలకు తక్కువ కూర్చున్నవాడు బద్ధకస్తుడు, అరగంటకు మించి తిన్నవాడు దొంగ.

పక్కన ఆంధ్రాలోనూ ఇదే వరస. ఫ్యాక్టరీ కార్మికుణ్ణి ఐదు గంటలకు మించి ఏకబిగిన పనిచేయించకూడదని 1948 చట్టం రాసిపెడితే, దాన్ని ఆరుకు జరపాలని 2025 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. ఆకలికి సవరణ ప్రతి పంపారో లేదో. పైగా దేశం కోసం వారానికి డెబ్బై గంటలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు, తొంభై అని ఆ తర్వాత ఎల్ అండ్ టీ ఛైర్మన్‌గారు సెలవిచ్చిన కాలంలో పది నిమిషాలు దక్కడమే మా పూర్వజన్మ సుకృతం.

ఇంత గొణిగానా, మొన్న మిషన్ పక్కన నిలబడే సెక్యూరిటీ ఆయన్ని యథాలాపంగా అడిగాను.

“తిన్నావా అన్నా?”

“తింట సార్, మీరందరు పైకి పొయినంక.”

మూడు దాటింది. మా రాకపోకలకు కాపలా కాసే ఆయనది పన్నెండు గంటల డ్యూటీ. మధ్యలో ఓ అరగంట నిలబడడానికి రెండో మనిషి లేడు. నా సాసర్ మెయిలుకు పెట్టిన బుర్రలో సగం ఈయన గురించి పెట్టి ఉంటే బాగుండేది. సర్క్యులర్ తీసి మళ్లీ చదివాను. హౌస్‌కీపింగ్ వాళ్ల పేరు గానీ, ఈయన పేరు గానీ ఎక్కడా లేదు.

హెచ్చార్‌ని అడిగితే, “ఆయన మన ఎంప్లాయీ కాదండీ, ఏజెన్సీ వాళ్లతో మాట్లాడండి” అన్నారు. ఏజెన్సీకి ఫోన్ చేశాను. సార్ లంచ్‌కి వెళ్లారు, ఎప్పుడొస్తారో తెలీదన్నారు.