పైసలిచ్చి చేసే వెట్టి

రాబిన్‌హుడ్ కథల పుణ్యమా అని నాటింగ్‌హామ్ పేరు మనకూ తెలుసు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన దొంగ తిరిగిన ఊరు. ఆ ఊళ్లో ఇప్పుడు గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ వేలెడంత రాక్షసులను, మరుగుజ్జులను, ఎముకల గూళ్లను ప్లాస్టిక్‌తో పోతపోసి లోకమంతా అమ్ముతోంది. వాటిని బల్ల మీద ఎదురెదురుగా మోహరించి, టేపుతో అంగుళాలు కొలుస్తూ, గుప్పెడేసి పాచికలు దొర్లిస్తూ చేసే యుద్ధం పేరు వార్‌హ్యామర్. 1983లో పుట్టింది. కంపెనీ ఏడాది రాబడి 60 కోట్ల పౌండ్లు దాటింది. 2024 డిసెంబరులో లండన్ స్టాక్ మార్కెట్‌లోని వంద అగ్ర కంపెనీల సరసన కూర్చుంది. పాపం రాబిన్‌హుడ్, విల్లు పట్టుకుని అడవుల వెంట తిరిగాడే గానీ విల్లు పట్టిన బొమ్మ అమ్ముకుంటే సరిపోతుందని తోచలేదు.

నల్లగొండ నుంచో పాలమూరు నుంచో ఇంజినీరింగు చదివి, గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో కొలువు కుదిరిన మన పిలగాండ్లలో కొందరికి ఈ యుద్ధజ్వరం అంటుకుంది. అడిగితే అందరిదీ ఒకటే జవాబు. “పెద్దగేం కాదు చిన్నాయినా, షురూ చేసుకునేటంత జెర్రంత సైన్యం, అంతే.” ఆ ‘జెర్రంత’ దగ్గరే ఉంది కిటుకంతా. కంపెనీ వాడు దానికి ‘స్పియర్‌హెడ్’ అని పేరు పెట్టి, కాసిని బొమ్మలను ఒక పెట్టెలో సర్ది అమ్ముతాడు. ఖరీదు 80 పౌండ్లు దాటుతుంది. మన పైసల్లో తొమ్మిది వేల పైమాటే. మీద కొరియరు, సుంకం. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచినప్పుడు దేశంలో పిల్లలెవరూ ఏడ్చిన జాడలేదు. ఏడ్చింది ముప్పయ్యేళ్లు దాటిన సేనానులు.

సరే, పెట్టె వచ్చింది. తెరిస్తే అందులో సైన్యం ఉండదు. చట్రాలుంటాయి. ఒక చట్రానికి చెయ్యి, ఇంకోదానికి కాలు, మూడోదానికి తలకాయ అతికి ఉంటాయి. ఒక్కో ముక్కనూ కత్తిరించాలి, అంచులు గీకాలి, జిగురు పెట్టి అతకాలి, వేళ్లు అతుక్కుంటే విడదీసుకోవాలి. తర్వాత అడుగు రంగు, దాని మీద అసలు రంగు, దాని మీద నీడ రంగు, దాని మీద మెరుపు రంగు. కంటిగుడ్డు చుక్క పెట్టడానికి ఊపిరి బిగబట్టాలి. కాళ్ల కింద ఇసుక చల్లి గడ్డి అతికించాలి. ఈ రంగులు పెట్టెలో రావు. బ్రష్షులు రావు. జిగురు కూడా రాదు. ఒక్క దండు నిలబడేసరికి నెలల తరబడి ఆదివారాలు పోతాయి.

మన జిల్లాల్లో కూలి ఇవ్వకుండా చేయించే పనిని వెట్టి అనేవాళ్లు. దొర గడీలో చేతివృత్తుల వాళ్లంతా చేసిందదే. పైన నాగులు, నజరానాలు, జరిమానాలు కూడా గుంజేవాళ్లు. కానీ రశీదు మీద ‘హాబీ’ అని రాసిచ్చే తెలివి ఏ దేశ్‌ముఖ్‌కూ లేకపోయింది. ఉంటే ఆ గడీలు ఇంకో వందేళ్లు నిలబడేవి. అంతెందుకు, పాలమూరు కూలీలను ప్రాజెక్టుల మీదికి తోలుకపోయిన గుంపు మేస్త్రీ కూడా ముందు వాళ్ల చేతిలో అడ్వాన్సు పెట్టాకే తట్ట నెత్తికెత్తేవాడు. నాటింగ్‌హామ్ మేస్త్రీ అడ్వాన్సు కూడా కూలోడి దగ్గరే వసూలు చేస్తాడు. కూలోడు తాను చేసిన పనిని ఫోటో తీసి నలుగురికీ చూపించి మురిసిపోతాడు.

చిన్న సైన్యం చిన్నగా ఉండిపోతే ఈ గొడవే లేదు. ఒక్కో బొమ్మకూ, దళానికీ కొన్ని పాయింట్లుంటాయి. మామూలు పోటీకి రెండు వేల పాయింట్ల సైన్యం కావాలి. మొదటి పెట్టెతో అందులో సగానికి కూడా చేరవు. ఈ నిచ్చెన కంపెనీ కనిపెట్టిందేం కాదు, మహాభారతంలోనే ఉంది. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బంట్లు కలిస్తే ఒక పత్తి. ప్రపంచంలో మొదటి స్టార్టర్ ప్యాక్ అదే. మూడు పత్తులైతే సేనాముఖం. అట్లా మూడింతలు మూడింతలుగా గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని. పది అనీకినులైతే అక్షౌహిణి, అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. కౌరవపాండవులకైనా పద్దెనిమిది రోజుల్లో లెక్క తేలిపోయింది. మనవాడి కురుక్షేత్రం క్రెడిట్ కార్డు చెల్లినన్నాళ్లూ నడుస్తుంది.

అంత కష్టపడి పత్తి నుంచి అక్షౌహిణి దాకా ఎక్కినోళ్లకు 2015లో ఏమైందో వినండి. అప్పటికి ముప్పయ్యేళ్ల పైబడి ఆ సైన్యాలు కొట్లాడుకుంటున్న ప్రపంచాన్ని కంపెనీ ఒక కథ రాసి నాశనం చేసేసింది. రాజ్యాలు, కోటలు, దేవుళ్లు అన్నీ మాయం. దాని స్థానంలో ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ అని కొత్త లోకం, కొత్త ఆట దిగాయి. పాత బొమ్మలు చదరపు దిమ్మెల మీద నిలబడేవి, కొత్త లోకంలో గుండ్రటి దిమ్మెలు. జనం నోరు తెరిచి చూసి, కొందరు తిట్టి, చాలామంది కొని, దిమ్మెలు పీకి మళ్లీ అతికించుకున్నారు. 2024 జనవరిలో అదే కంపెనీ ‘ది ఓల్డ్ వరల్డ్’ పేరుతో పాత ప్రపంచాన్ని మళ్లీ తెచ్చి అమ్మకానికి పెట్టింది. మళ్లీ చదరపు దిమ్మెలే. ప్రళయానికి ఒక బిల్లు, పునఃసృష్టికి ఇంకో బిల్లు. బ్రహ్మకూ శివుడికీ వేర్వేరు శాఖలు పంచిన మన పురాణాలు ఈ వ్యాపారం ముందు ఏపాటి?

ఇక నియమాల పుస్తకం. బాణం ఎంత దూరం పోతుందో, డ్రాగన్ ఊపిరి ఎన్ని పాచికలో అన్నీ ఉంటాయి. గుర్రానికి గడ్డి ఎవరు కోస్తారో ఎక్కడా ఉండదు. పదిహేనో శతాబ్దం మొదట్లో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా పానగల్లు కోటను రెండేళ్లు ముట్టడించి కూర్చున్నాడు. కోట పడలేదు, సుల్తాను మకాంలోనే రోగం పడింది. మనుషులు, గుర్రాలు పిట్టల్లా రాలిపోయాక విజయనగరం సేన వచ్చి మిగిలిన పని ముగించింది. బల్ల మీది సేనానికి ఈ రోగాల బెడద లేదు. ఉన్న ఒకే బెడద, ఇంట్లోవాళ్లు దుమ్ము దులపడం.

గొప్పకోసం సైన్యం పెంచడం మాత్రం మనకు కొత్త కాదు. వనపర్తి సంస్థానాధీశులు ఆఫ్రికా నుంచి వచ్చిన రౌతులతో ఒక పటాలమే నిలబెట్టారు. చివరికి అది నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ ఆ ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ మిగిల్చిన పేరే. రాజాగారు కనీసం వాళ్లకు జీతాలిచ్చారు.

చిన్న సైన్యం కట్టడమంటే ఏమిటో నల్లగొండకు వేరే చెప్పాలా? 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాక పల్లెపల్లెనా దళాలు లేచాయి. ఆ దళాల తొలి సరంజామా వడిసెలలు, కర్రలు, కారప్పొడి, ఒకటీ అరా బర్మారు తుపాకులు. ఏ పెట్టెలోనూ రాలేదు. ఉద్యమం బలపడ్డాక గ్రామ దళాల్లో పది వేల మంది, గెరిల్లా దళాల్లో రెండు వేల మంది ఉన్నారని కమ్యూనిస్టు పార్టీ లెక్క చెప్పింది. తర్వాత ఆ పోరాటం ఎటు పోయింది, ఎవరి తప్పెంత అన్నది వేరే చర్చ. వాళ్లు సైన్యం కట్టింది వెట్టి పోవాలని. మనవళ్లు సైన్యం కడుతున్నది వెట్టి కావాలని. పైగా గోబ్లిన్లనే మరుగుజ్జు పిశాచాల పక్షాన.

ఆట చెడ్డదని నేననను. హెచ్.జి. వెల్స్ అంతటివాడు 1913లో బొమ్మ సైనికుల యుద్ధానికి నియమాలు రాసి పుస్తకమే వేశాడు. పెద్దోళ్లంతా నిజం యుద్ధాలు మాని ఇవి ఆడుకుంటే లోకం బాగుపడుతుందని అతని ఆశ. మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, అది వేరే సంగతి. సాయంత్రం పూట ఫోను పక్కన పెట్టి ఒక మనిషి బుద్ధిగా బొమ్మకు రంగులేసుకుంటే ఎవరికి నష్టం? నా తగాదా ‘జెర్రంత’ అనే అబద్ధంతో. మన రచ్చబండల మీద, కోట బండల మీద గీసిన పులిజూదం గళ్లు ఇంకా ఉన్నాయి. మూడు పులులకు మూడు గులకరాళ్లు, పదిహేను మేకలకు పదిహేను చింతగింజలు. అదీ జెర్రంత సైన్యమంటే. మేకల పాయింట్లు ఇన్నేళ్లలో ఒక్కసారీ మారలేదు, పులికి కొత్త దిమ్మె కొనమని ఎవరూ అడగలేదు.

సగం కోసిన చట్రాలు, తల లేని మొండేలు, రంగు పడని దండ్లు అటక మీద పేరుకుంటే ఆ ఆటగాళ్లే దానికి ముద్దుగా ‘సిగ్గుల గుట్ట’ అని పేరు పెట్టుకున్నారు. సిగ్గుంది, గుట్ట కూడా పెరుగుతూనే ఉంది. అందుకే సేనానులకు నా మనవి ఒక్కటే. కొనొద్దంటే మీరు వినరు. రెండో పెట్టెకు ఆర్డరు పెట్టే ముందు మొదటి పెట్టెలోని వాళ్లందరికీ కనీసం తలకాయలు అతికించండి.