అప్పడాల కర్ర అవతారాలు

పెళ్ళి చదివింపులు నూట పదహార్ల నుంచి వెయ్యి నూట పదహార్లకు ఎగబాకిన రోజున నాలోని కళాకారుడు నిద్ర లేచాడు. "చేత్తో చేసిన వస్తువు ఇస్తే ఆ విలువే వేరు" అన్నాను మా ఆవిడతో.

"ఎవరి చేత్తో?" అంది. ఆ ప్రశ్న లోతు నాకప్పుడు అందలేదు.

అంతకు వారం ముందే ఏటికొప్పాక వెళ్ళొచ్చాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. లక్క బొమ్మలు చేసే ఒకాయన అంకుడు కర్ర ముక్కను లేత్‌కి బిగించి ఉలి ఆనించాడు. కొబ్బరి తురుములా పొట్టు రాలింది. రంగు లక్క కడ్డీని తిరిగే కర్రకు ఒత్తి పట్టాడు. రాపిడి వేడికి లక్క కరిగి దానంతటదే పాకింది. మొగలి ఆకుతో తుడిచేసరికి నిగనిగలాడే కుంకుమ భరిణె! నా చేతిలో టీ ఇంకా చల్లారలేదు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలుసు. అది ఆ ఊరి చేతులకే గాని చూసొచ్చిన వాళ్ళ చేతులకు వర్తించదని తోచలేదు.

బల్ల మీద పెట్టుకునే చిన్న లేత్ కొన్నాను. ఆ డబ్బుతో ఇరవై పెళ్ళిళ్ళు గట్టెక్కేవని మా ఆవిడ లెక్క తేల్చింది.

మేనకోడలి పెళ్ళికని అప్పడాల కర్ర మొదలెట్టాను. అంతకన్నా తేలికైంది ఏముంటుంది? మట్టి కుండ వంకరపోతే కుమ్మరి మళ్ళీ ముద్ద చేసుకుంటాడు. లేత్ దగ్గర తీసెయ్యడమే గాని అతికించడం లేదు. ఉలి కాస్త కిందికి దిగిందో, కర్ర దాన్ని లాక్కుని గంటు పెట్టేస్తుంది. ఆ గంటు పోవాలంటే చుట్టూ చెక్కాలి. ఎడమ పక్క చెక్కితే కుడి పక్క లావనిపిస్తుంది. పిల్లులకు రొట్టె పంచిన కోతి పని! మధ్యాహ్నానికి అప్పడాల కర్ర పప్పుగుత్తికి సరిపడా మిగిలింది. సాయంత్రానికి గరిటె పిడి. దీపాలు పెట్టే వేళకు దానికి మేకు కొట్టి బొంగరం అన్నాను. లక్క వేద్దామని కడ్డీ పెడితే ముక్కలు చెదిరి నా కళ్ళద్దాలకు బొట్లు పెట్టాయి.

చివరికి భరిణె ఒకటి కుదిరింది. మూత టక్కున పట్టింది. కుంకుమ నింపి పట్టుకెళ్ళాను. పచ్చి కర్ర ఆరితే గుండ్రం కాస్తా కోల అవుతుందన్న సంగతి పెళ్ళిపందిట్లో తెలిసింది. మూత రాలేదు. పెళ్ళికూతురి బాబాయి లాగాడు, తోడిపెళ్ళికొడుకు లాగాడు. "మీరే చేశారా అన్నయ్యగారూ?" అంది వియ్యపురాలు, ఎంతో మర్యాదగా. ఆ కుంకుమ ఇప్పటికీ అందులోనే క్షేమంగా ఉంది.

తర్వాత మూడు పెళ్ళిళ్ళకూ కవర్లే ఇచ్చాను. మా ఆవిడ వంటింట్లో కొన్న అప్పడాల కర్రే ఉంది. మా పై వాటా పిల్లాడి దగ్గర మాత్రం ఏడు బొంగరాలు పోగయ్యాయి. మొన్న ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టాడు.

"తాతగారూ, మళ్ళీ అప్పడాల కర్ర ఎప్పుడు మొదలెడతారు?"