రస్సెల్ దొరకు సీటు లేదు

మొన్నటి వానకు పక్కింటి వాళ్ల స్నానాలగదిలోకి పాము దూరింది. ఇంటాయన కర్ర పట్టుకుని కూతుర్ని కేకేశాడు: "అమ్మడూ, నీది బయాలజీయే కదా, విషప్పామో కాదో చూడు!" పిల్ల తలుపు సందులోంచి తొంగిచూసి, "అది జువాలజీ వాళ్లది నాన్నా, నాది బయోటెక్నాలజీ మేజర్" అంది. పాలు పోయడానికొచ్చిన ఆవిడ ఒక్క చూపు చూసి, "జెర్రిపోతండీ, వదిలేయండి" అని వెళ్లిపోయింది. ఆవిడ మేజర్ ఏమిటో ఎవరూ అడగలేదు.

ఒకప్పుడు డిగ్రీలో బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) అంటే ఫుల్ మీల్స్. 2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో సింగిల్ మేజర్ వచ్చి, ఒకే కూరతో అన్నం తినమంది. మిగతా రుచులు తెలియాలి కదా అని మొదటి సెమిస్టర్‌లో క్లాసికల్ బయాలజీ, అప్లైడ్ బయాలజీ అని రెండు పరిచయ పేపర్లు పెట్టారు. మొక్కలు, జంతువులు, కణం, జన్యువు, పరిణామం అన్నీ అందులోనే. ఎనభైనాలుగు లక్షల జీవరాశులు దసరా సెలవులు, ఇంటర్నల్స్ పోగా మిగిలిన రోజుల్లో అయిపోవాలి.

పాతకాలమే బంగారమని నేననను. మా బ్యాచ్ బొద్దింకకు అయిదే కాళ్లు. ఎవరో సీనియర్ రికార్డులో ఆరోది మరిచిపోయాడు, మేమంతా భక్తిగా దించాం.

విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ ఇప్పుడు గెస్ట్ ఫ్యాకల్టీ ఇంటర్వ్యూకు వస్తే ఏమవుతుంది? వైద్యం చదివాడు, ఈస్టిండియా కంపెనీ కొలువులో మొక్కలు చూశాడు, పాముల మీద 1796లో, విశాఖ చేపల మీద 1803లో పుస్తకాలు అచ్చువేయించాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. ఆయన మాత్రం మనవాళ్లను అడిగి "కాటుక రేకుల పొడ" అని రాసుకున్నాడు. "ఇంతకీ మీ స్పెషలైజేషన్ ఏమిటండీ?" అంటుంది బోర్డు. సామర్లకోటలో సర్జన్‌గా ఉంటూ మిరియాల తోట పెంచిన రాక్స్‌బర్గ్‌దీ అదే గతి.

జీనోమ్ వ్యాలీలో టీకా తయారుచేసేవాడికి జెర్రిపోతు తెలియకపోతే కొంపేం మునగదు, నిజమే. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లకు ఏది తనదో తేల్చుకోవాలంటే ముందు అన్నీ కంటపడాలి కదా. ప్రిన్సిపాల్ గార్లకు మనవి: మొదటి సెమిస్టర్‌లో ఒక్క శనివారం పిల్లల్ని పొలం గట్లకు తీసుకెళ్లండి. చూపించడానికి మా పాలావిడ వస్తానంది. గెస్ట్ ఫ్యాకల్టీకి ఇచ్చేదే ఇవ్వమంటోంది, కాకపోతే నెలనెలా.